తుప్పుకూ ఓ రేటు

కాప్రా నుంచి ఈసీఐఎల్ చౌరస్తా దాకా కూడా నమ్మకంగా నడవని కాంటెస్సాకు ఆన్‌లైన్‌లో పెట్టిన ధర చూస్తే, కొత్త కారే నయమనిపిస్తుంది. హిందుస్థాన్ మోటార్స్ 2002లోనే దాని తయారీ ఆపేసింది. డీలరు మాత్రం రేటు పెంచడం ఆపలేదు. తలుపు కింద తుప్పు కనిపిస్తే ‘ఒరిజినల్ పెయింట్ సార్’ అంటాడు. ఏసీ పనిచేయదంటే ‘వింటేజ్ సార్’. అదే బండి మనం అమ్మబోతే? బానెట్ తట్టి, పెదవి విరిచి, ‘పాతదాయె తమ్మీ, తుక్కు రేటే’ అంటాడు. పదిహేనేళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 2022లో కేంద్రం 600 నుంచి 5 వేలకు పెంచితే ‘దోపిడీ’ అని గగ్గోలు పెట్టిందీ ఈయనే! ఫొటోల్లో బండి ఎప్పుడూ కుడివైపే. ఎడమవైపు చూడాలంటే అడ్వాన్స్ కొట్టాలి.