మొహమాటంతో లేచిన చెయ్యి

బరువు తగ్గాలి, సిగరెట్ మానాలి అని ఎవరైనా పైకి అన్నాడంటే కుండల్‌వాడిలో వాడికి సలహాల కరువుండదు. మాది నాందేడ్ జిల్లా, బిలోలి తాలూకా. మంజీర దాటితే తెలంగాణ. కాబట్టి ఏ జబ్బుకైనా రెండు రాష్ట్రాల వైద్యం దొరుకుతుంది. ధర్మాబాద్ చుట్టాలు పరగడుపున మెంతులు తినమన్నారు. బోధన్ చుట్టాలు రాత్రిపూట అన్నం బదులు జొన్నరొట్టె తినమన్నారు. పెద్దల మాట కాదనడం నాకు రాదు. మెంతులు తిన్నాను, రొట్టె తిన్నాను, అన్నం ఎలాగూ తింటూనే ఉన్నాను.

ఇలా ఉండగా మా బావమరిది నాందేడ్ నుంచి కొత్త కబురు తెచ్చాడు.

"బావా, ఆడ ఒకాయన కుర్చీల కూసొబెట్టి కండ్లు మూసుకొమ్మంటడట. లేసినంక సిగరెట్ వాసనొస్తెనే కడుపుల తిప్పుతదట. బరువు గూడ తగ్గిస్తడట."

"రెండిట్ల ఒక్కటే అయితే సగం పైసలు వాపస్ ఇస్తడా, అడుగు" అంది మా ఇంటామె.

హిప్నాటిజం అంటే మావైపు తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది బి.వి. పట్టాభిరామ్. ఇంద్రజాలంతో మొదలుపెట్టి, హిప్నాటిస్టుగా, వ్యక్తిత్వ వికాస రచయితగా ఇంటింటికీ తెలిసిన మనిషి. 2025లో పోయారు. ఆయన పుణ్యమా అని ఈ విద్య మీద మా ఇంట్లో భయం లేదు గానీ, మా అత్తగారికి మాత్రం ఒక అనుమానం మిగిలింది. "కండ్లు మూసుకున్నంక జేబు చూస్తరేమో బిడ్డా, పైసలు నీ బామ్మర్దికిచ్చి పో."

నేనూ ఊరికే వెళ్లలేదు, కాస్త చదువుకునే వెళ్లాను. పారిస్‌లో మెస్మర్ అనే వైద్యుడు ఒంట్లో అయస్కాంత శక్తి ప్రవహిస్తుందని చెప్పి జనాన్ని తిప్పుకుంటుంటే, 1784లో పదహారో లూయీ రాజు ఒక సంఘాన్ని వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజర్ లాంటి ఉద్దండులున్నారు. అయస్కాంతమూ లేదు, పాడూ లేదు, అంతా రోగి ఊహ అని తేల్చారు. కథ అక్కడితో ఆగలేదు. మన బెంగాల్‌లోనే, హుగ్లీలో, 1845లో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే స్కాట్లండ్ డాక్టరు రోగుల మీద గంటల తరబడి చేతులు ఆడించే ఏర్పాటు చేసి, వాళ్లను మగతలోకి దించి పెద్ద పెద్ద కణితులు కోసి తీశాడు. ఆ వెంటనే ఈథరు, క్లోరోఫామ్ వచ్చి ఆయన విద్యకు గిరాకీ పోయిందనుకోండి. అయినా కణితి కోసినా కదలనివ్వని విద్యకు నా పొట్ట ఒక లెక్కా అని ధైర్యం వచ్చింది.

నాందేడ్‌లో ఆ హిప్నాటిస్టు గదిలో రెక్సిన్ కుర్చీ, అగరుబత్తి, కిర్రుమనే ఫ్యాను. ఆయన మంచివాడే. ఏ భాషలో చెప్పమంటారు, మరాఠీయా హిందీయా అని అడిగాడు. తెలుగు ఆయనకు రాదు. నేను చదివింది మరాఠీ మీడియమే కదా అని మరాఠీ అన్నాను. కళ్లు మూయించి, ఒళ్లు వదులు చేయమని, పది నుంచి కిందికి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "దహా... నఊ... ఆఠ..." మరాఠీ అంకెలు నాకు నేర్పిన గురువుగారు బెత్తంతో నేర్పారు. ఆరు దగ్గరికొచ్చేసరికి ఒళ్లు వదులు కావడం అటుంచి, అరచెయ్యి దానంతటదే తెరుచుకుంది.

తర్వాత అసలు ఘట్టం. "మీ కుడిచేతికి బెలూన్లు కట్టి ఉన్నాయి. చెయ్యి తేలికవుతోంది. పైకి లేస్తోంది." లేవలేదు. ఆయన మళ్లీ చెప్పాడు. చెయ్యి కుర్చీ మీదే ఉంది. మూడోసారి చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒక జీర వినిపించింది. పెద్దమనిషి, పొద్దుటి నుంచి ఎంతమందికి చెప్పి వచ్చాడో! నాకు ప్రాణం ఒప్పలేదు. నాలుగు వేళ్లెత్తున లేపాను. "శాబాస్" అన్నాడు. అంత సంతోషం మా పదో తరగతి ఫలితాల రోజు మా నాన్న మొహంలో కూడా చూడలేదు. బాగుండదని ఇంకొంచెం లేపాను.

చెయ్యి దానంతటది తేలడానికీ మనం లేపడానికీ చాలా తేడా ఉంది. హిప్నాసిస్ ఎవరికి ఎంత పడుతుందో చూడటానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1959లోనే ఒక కొలబద్ద తయారుచేశారు. కొద్దిమందికి బాగా పడుతుంది, కొద్దిమందికి అసలు పడదు, మిగతా జనమంతా మధ్యలో. నాలాంటివాళ్ల కోసం మొహమాటం కొలిచే బద్ద కూడా ఒకటి ఉండాల్సింది.

ఇక కుర్చీ దగ్గర ఆ హిప్నాటిస్టు చెప్పిన మాటలకు వస్తే, అవి న్యూయార్క్ మానసిక వైద్యుడు హెర్బర్ట్ స్పీగల్ 1970లో ప్రచురించిన పద్ధతిలోవే. పొగ నీ ఒంటికి విషం, బతకాలంటే ఆ ఒళ్లు కావాలి, దాన్ని కాపాడుకోవడం నీ బాధ్యత. మూడే ముక్కలు. ఈ మూడూ మా ఇంటామె పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. కాకపోతే కళ్లు మూసుకోమనలేదు, నెమ్మదిగానూ చెప్పలేదు.

బయటికొచ్చాక బస్టాండులో తెలిసినాయన కనబడి సిగరెట్ పెట్టె చాపాడు. కాదంటే ఏమనుకుంటాడో! తీసుకున్నాను. కడుపులో తిప్పలేదు. కుర్చీలో చెయ్యి లేపిన మొహమాటమే ఇక్కడా చెయ్యి చాపింది. ఆలోచిస్తే నా పొట్టా దాని కట్టడమే. గుడిపాడ్వా, ఉగాది ఒక్కరోజే వస్తాయి. పక్కింటి మరాఠీ వాళ్ల పూరన్‌పోళీ కాదంటే వాళ్లకు కోపం, మా అక్క చేసిన బచ్చాలు వద్దంటే దానికి కోపం. మనిషి చెప్పిన మాటకు తలవంచే గుణం మీదే హిప్నాటిజం నడుస్తుంది. ఆ గుణం వల్లే లావైనవాణ్ని దానితోనే సన్నబరచాలంటే ఎలా?

నికోటిన్‌కైతే మొహమాటం బొత్తిగా లేదు. పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే మెదడుకెక్కి కూర్చుంటుంది. కొన్ని గంటలు అందకపోతే చిరాకు, ఆకలి మొదలు. అందుకే సిగరెట్ మానినవాళ్లు ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. రెండు కోరికలతో ఒకే కుర్చీలో కూర్చున్నవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఒకటి తీరితే రెండోది చెడుతుంది. మా ఇంటామె సగం పైసల లెక్క ఇప్పుడు అర్థమైంది కదా!

పొగ మానడంలో హిప్నాసిస్ ఎంత పనికొస్తుందని వైద్య అధ్యయనాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ పరిశోధకులు 2019లో 14 అధ్యయనాలు జల్లెడ పట్టారు. మిగతా పద్ధతుల కన్నా ఇది మెరుగని చెప్పడానికి తగిన ఆధారం దొరకలేదు. బరువు విషయంలో, తిండి అలవాట్లు మార్చే శిక్షణకు దీన్ని కలిపితే కాస్త లాభమని 1990లలో కొందరు లెక్కలు చూపారు, ఆ లెక్కలే తప్పని ఇంకొందరు కొట్లాడారు.

ఇంట్లో అందరికన్నా ఎక్కువ బెంగపడింది మా అత్తగారు. ఆమెది నిజామాబాద్ వైపు. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, బీడీల మీదే పిల్లల్ని పెద్దచేసిన మనిషి. నేను సిగరెట్ మానుతున్నానంటే కాసేపు ఆలోచించి, "మంచిదే బిడ్డా. అందరు మానితె మా కంపెనీ ఎట్ల నడుస్తది?" అంది. ఈ ప్రశ్నకు స్పీగల్ దగ్గరా జవాబు లేదు.

నా మటుకు నేను తేల్చుకున్నదేమిటంటే, ముందు సిగరెట్, తర్వాతే పొట్ట. డాక్టర్ని అడిగి నికోటిన్ చూయింగ్ గమ్ తెచ్చుకున్నాను. దాన్ని ఎవరూ "ఇంకొక్కటి తిను, నా మీద ఒట్టు" అని బతిమాలరు. అదే దానిలో పెద్ద సుగుణం.

మీరూ ఏ కుర్చీలోనో కూర్చోబోతుంటే, ఫీజు కట్టేముందు జేబులో సిగరెట్ పెట్టె తీసి తిప్పి చూడండి. ఆ భయంకరమైన బొమ్మతో పాటు 1800-11-2356 అనే నంబరు 2018 నుంచీ ముద్రిస్తున్నారు. పొగాకు మానేవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ ఫోను అది. ఉచితం. చెయ్యి లేపాల్సింది ఫోను ఎత్తడానికే.