నల్లపుంజు

రాచర్ల మండలంలో గుండ్లకమ్మ పక్కన ఒక ఊరు. కందులు ఇళ్లకు చేరాక అక్కడ రెండు పండుగలు జరుగుతాయి. చర్చిలో కోతపండుగ, ఊరిబయట వేపచెట్టు కింద పోలేరమ్మ కొలుపు. ఆ ఏడు కోతపండుగ ఆదివారం పడింది. కొలుపు మంగళవారం.

పాస్టరుగారు ఆదివారం ప్రసంగమంతా కొలుపు మీదే చేశారు. అన్యజనులు ఆరుబయట కోళ్లు కోసి, నెత్తురు కలిపిన అన్నం "పొలి, పొలి" అంటూ పొలాల్లో చల్లుతారనీ, విశ్వాసులు ఆ దిక్కుకు చూడను కూడా చూడరాదనీ చెప్పారు. ఇదే గుండ్లకమ్మలో, దిగువన ఒంగోలు దగ్గర, 1878 జులై 3న క్లౌ దొరగారి మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి గుర్తుచేశారు. అలా మారినవాళ్లు అమ్మవారి ముందు డప్పు కొట్టం పొమ్మన్నారు. ఊరి పెద్దలు పనులకు పిలవడం మానేసినా మాట తప్పలేదు.

"డప్పు కింద పెట్టినవాళ్ల మనవలం మనం" అన్నారు పాస్టరుగారు. అందరూ ఆమేన్ అన్నారు.

తర్వాత వేలం మొదలైంది. బల్ల మీద ప్రథమ ఫలాలు పేర్చి ఉన్నాయి. కందులు, కొర్రలు, ఎండుమిర్చి, రెండు గుమ్మడికాయలు. సెంటు భూమి లేని ఒక అవ్వ, ఇంట్లో పెంచిన నల్లపుంజును కాళ్లు కట్టి తెచ్చింది.

గుమ్మడికాయలు పోయాయి. కందులు పోయాయి. పుంజు వంతు వచ్చేసరికి పెద్దరెడ్డి చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. పుంజును చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక రెక్క ఎత్తి చూశాడు, రెండో రెక్క ఎత్తి చూశాడు. మెడ మీది ఈకలు ఎదురు దువ్వాడు. తోక విప్పి కిటికీ వెలుతురులో పెట్టాడు. పొట్ట కింది నూగును నోటితో ఊది, చర్మం దాకా చూశాడు. ఎంత బరువుందో మాత్రం చూడలేదు.

సంఘపెద్ద 500 అన్నాడు. బడిపంతులు 600 అన్నాడు.

"మూడు వేలు" అన్నాడు పెద్దరెడ్డి.

చప్పట్లు మోగాయి. పాస్టరుగారి గొంతు గద్గదమైంది. పెద్దరెడ్డి తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈయన ఏ ఉద్దేశంతో ఈ పుంజును కొన్నాడో ఆ ఉద్దేశం నెరవేర్చు" అని ప్రార్థించారు.

మంగళవారం నెరవేరింది. పక్క ఊరి నుంచి డప్పులు వచ్చాయి. ఒక్క తెల్ల ఈకైనా లేని పుంజును ఇస్తానని పెద్దరెడ్డికి పాత మొక్కు. గిద్దలూరు దాకా వెతికినా దొరకలేదట. పోలేరమ్మ ముందు పుంజు మెడ తెగింది. ఆ రాత్రి పొలి అన్నం పెద్దరెడ్డి కందిచేలో పడింది.

మళ్లీ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది. అవ్వ వెనక వరుసలో తల వంచుకుని ఉంది.

సంఘపెద్ద లేచాడు. "దేవుడికిచ్చిన పుంజు పోలేరమ్మకు పోయింది అయ్యగారూ. వచ్చే ఏటి నుంచి కొలుపు అయిపోయాకే కోతపండుగ పెడదాం. బయటివాళ్లను వేలానికి రానివ్వొద్దు."

అందరూ నిజమే అన్నారు. పాస్టరుగారు మాట్లాడలేదు. లెక్కల పుస్తకం తెరిచారు. వేలం మొత్తం 7,450. అందులో పుంజుది 3,000. పక్క పేజీలో చర్చి పైకప్పు రేకులకు కావలసిన డబ్బు రాసి ఉంది. రెండు పేజీలూ మార్చి మార్చి చూసి, పుస్తకం మూశారు.

"తేదీ మార్చొద్దు" అన్నారు.

తర్వాత వెనక వరుస వైపు తిరిగారు.

"అవ్వా, నీ దగ్గర ఇట్టాంటి నల్లవి ఇంకెన్నున్నాయి?"