మూడో కాయిలు: టీకా తాత్పర్య సహితం

మూలం

మూడో కాయిలు మార్చల్ల సా.
డూప్లికేటు ఎయ్యొద్దు.
ప్లగ్గులు గూడ తేవల్ల.
బిల్లు ఇడ్సొద్దు.

అవతారిక

ఈ గద్యం ఆదోనిలో ఒక షెడ్డులో, ప్లగ్గు డబ్బా చింపిన అట్ట మీద బాల్‌పెన్నుతో లిఖితమైంది. కర్త మెకానిక్కు. నామధేయం లేదు, గ్రీజు వేలిముద్రే రాజముద్ర. ఆల్టో కె10 యజమాని ఒకాయన ఎమ్మిగనూరు నుంచి పత్తి మార్కెట్టుకు వస్తూ, లోడు ట్రాక్టరును దాటబోగా బండి దగ్గింది. ఆగి ఉన్నప్పుడు వణికింది. డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజను దీపం వెలిగింది. అంతట ఈ కృతి అవతరించింది.

దీనికి అధికారి పెట్రోలు కారున్నవాడు. డీజిలు ఇంజనులో నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది కాబట్టి స్పార్కు లేదు, కాయిలు లేదు, ఈ గ్రంథంతో పనీ లేదు. పాత మారుతి 800 వారికి డిస్ట్రిబ్యూటరు, దానికొక్కటే కాయిలు. వారికి ‘మూడో’ అన్న పదమే అన్వయించదు. మెదకు సీమవాడైన మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ పట్టాడు. కారు బిల్లు కట్టవలసిన అగత్యం ఆయనకు రాలేదు గనుక, ఆ ప్రతిజ్ఞ మేము పట్టం.

ప్రతిపదార్థం

కాయిలు = ఇనుప కోరు చుట్టూ లావు తీగ వందల చుట్లు, వెంట్రుక కన్న సన్నని తీగ వేల చుట్లు గలది. ఎమ్మిగనూరులో మగ్గం కండె చూసినవారికి ఈ చుట్టుడు సంగతి వేరే చెప్పనక్కర లేదు. బ్యాటరీ నుంచి 12 వోల్టుల కరెంటు లావు తీగలో పారుతుండగా తటాలున తెంచేస్తారు. 1831లో ఫారడే చూపిన న్యాయాన్ని అనుసరించి, అయస్కాంత బలం కూలిన ఆ క్షణాన సన్న తీగలో 20,000 వోల్టులకు పైగా లేచి ప్లగ్గు మొన మీద దూకుతుంది.

సా = సంబోధన. ‘సార్’లోని రేఫ లోపించడం పడమటి కర్నూలు వాడుక. బిల్లు పెద్దదయ్యే కొద్దీ ఆ రేఫ తిరిగి రావడమూ కలదు.

పాఠాంతరం

‘మూడో’ దగ్గర గ్రీజు మరక పడింది. ఎమ్మిగనూరు స్పేరుపార్ట్సు అంగడిలో దాన్ని ‘మూడూ’ అని చదివి మూడు డబ్బాలు తీసి కౌంటరు మీద పెట్టారు. ఒక్క అచ్చుకు రెండు కాయిళ్ల ఖరీదు! పూర్వపక్షం వాదన తీసిపారేయదగింది కాదు: మూడూ ఒకే వయసువి, ఒకే వేడికి కాగినవి, ఒకటి పోతే తక్కినవీ పోతాయి కదా. ఇంజను విప్పి లోతుకు పోతేగాని కాయిలు అందని పెద్ద కార్లలో ఈ పాఠమే మేలు. కె10లో కాయిళ్లు ఇంజను నెత్తి మీదే ఉంటాయి. ఒక కనెక్టరు, ఒక బోల్టు. మరొకటి పోయిననాడు దాన్నీ మార్చుకోవచ్చు. మా పక్షం ‘మూడో’.

దీనికి ప్రత్యక్ష ప్రమాణం ఉంది. స్కానరులో పీ0303 వచ్చిందంటే మూడో సిలిండరు మండడం లేదని అర్థం, అంతే. కాయిలే పోయిందని అది చెప్పదు. మూడో కాయిలును ఒకటో సిలిండరు మీదికి మార్చి, కోడు చెరిపి, ఒక చుట్టు తిరిగి రావాలి. పీ0301 అని వస్తే దోషం కాయిలుతో పాటు నడిచిందన్నమాట. పీ0303 అనే వస్తే ప్లగ్గునో ఇంజెక్టరునో కంప్రెషన్‌నో చూసుకోవాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా అంగడికి పోయేవారే ఎక్కువ.

డూప్లికేటు = చూడబోతే అదే. లోపలి రెసినూ తీగ మీది పూతా నాసివి. పొద్దున చల్లగా ఉన్నంతసేపు బాగానే పలుకుతుంది, ఆదోని మే నెల ఎండలో 40 డిగ్రీల బయటి వేడికి ఇంజను వేడి కలిసేసరికి మూగబోతుంది. రూపసామ్యం ప్రమాణం కాదు. పార్టు నంబరు, పిన్నుల లెక్క, రబ్బరు బూటు పొడవు మూడూ కలవాలి. పిన్నులు రెండైతే మీటరుతో కొలవవచ్చు. మూడో నాలుగో ఉన్నవాటిలో సాధారణంగా ఇగ్నైటరు లోపలే ఉంటుంది కాబట్టి అక్కడ మీటరు సాక్ష్యం చెల్లదు. కంపెనీ డబ్బా ధర ఎక్కువనిపిస్తే బోష్, డెన్సో, ఎన్‌జీకే వంటి, కార్ల కంపెనీలకే సరుకు పోసేవారి డబ్బా అడగవచ్చు. ‘హై పవర్’ అని ఎర్రరంగు పూసినవి మాత్రం అలంకారశాస్త్రానికి చెందినవి. ప్లగ్గు సందు దాటడానికి ఎంత వోల్టేజీ కావాలో అంతవరకే లేస్తుంది, మిగిలిన పవరు డబ్బా మీది అక్షరాలకే.

ప్లగ్గులు గూడ = ఇక్కడ వ్యాఖ్యాత కాస్త ఆగాలి. ‘గూడ’ను చాలామంది పాదపూరణంగా తీసుకుంటారు. మా మతంలో ప్రధానవాక్యం ఇదే. ప్లగ్గు అరిగితే మొన సందు పెరుగుతుంది. పెరిగిన సందు దూకడానికి కాయిలు ప్రతిసారీ ఇంకా ఎక్కువ వోల్టేజీకి ఎగబాకాలి. ఎగబాకి ఎగబాకి ఏదో ఒకనాడు లోపలి ఇన్సులేషన్ చిల్లుపడుతుంది. అరిగిన ప్లగ్గు మీద కొత్త కాయిలు పెట్టడమంటే హంతకుణ్ణి ఇంట్లోనే ఉంచి రెండో వాణ్ణి కాపురానికి తేవడం. ప్లగ్గు గుంటలో ఆయిలు కనిపిస్తే వాల్వు కవరు గ్యాస్కెట్టు కారుతున్నట్టు. అదీ మార్చాలి, లేకుంటే బూటు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. వచ్చే నెల చూద్దామని అలాగే నడిపితే మండని పెట్రోలు సైలెన్సరు దారిలోని క్యాటలిటిక్ కన్వర్టరులో పడి మండి దాన్నే కరిగించగలదు. దాని ధర ముందు కాయిలు ధర చిల్లర.

బిల్లు ఇడ్సొద్దు = బిల్లు విడిచిపెట్టి రాకు. వచ్చేసారికి పార్టు నంబరు అందులోనే ఉంటుంది. కొన్ని ప్రతులలో అడుగున ‘ఎలక్ట్రికల్ ఐటంలకు గ్యారంటీ లేదు’ అని సన్నటి అచ్చులో అదనపు పంక్తి కనిపిస్తుంది. అది ప్రక్షిప్తమని కౌంటరు దగ్గర వాదించి గెలిచిన పండితుణ్ణి మేమింతవరకు చూడలేదు.