నాలుగు వేల దిర్హాముల సూత్రానికి రెంజల్ టీక

మూలం: పెండ్లిగాని కొడుకు ఇరువదియైదేండ్ల దాక; బిడ్డ పెండ్లిగానన్నాళ్లు; తండ్రి నెల జీతము నాలుగు వేల దిర్హాములు, కాదేని మూడు వేలును ఉండ ఇల్లును.

టీక: తండ్రి తన పిల్లలను వెంట రప్పించుకోవడానికి 2022 అక్టోబరు నుంచి అమలులో ఉన్న ఎమిరేట్స్ కుటుంబ వీసా నిబంధనకు ఇది మా సంక్షేప పాఠం. సౌదీ పోయినా ఖతర్ పోయినా 'దుబాయి పోయిండు' అనడమే బోధన్ దగ్గరి మా రెంజల్ వాడుక కనుక అసలు దుబాయి శాసనాన్నే వ్యాఖ్యానానికి తీసుకున్నాం. వార్తల్లో శీర్షికకెక్కింది వయసే గనుక మూలంలోనూ దానికే ముందు పీట వేశాం. అన్వయక్రమం వేరు. కర్త తండ్రి, 'నాలుగు వేలు గల' అన్నది అతని విశేషణం. ఆ విశేషణం పొసగనిచోట కర్తే లేడు, కర్త లేనిచోట, మూలంలో చెప్పక వదిలిన 'రప్పించుకొనును' అనే క్రియకు దిక్కు లేదు. కొడుకు వయసు వాక్యం చివర వేలాడే అలంకారం మాత్రమే. నిదర్శనం కావాలా? గల్ఫ్‌కు పోయే కూలీల కనీస సిఫారసు వేతనాన్ని మన కేంద్ర ప్రభుత్వమే 2020లో ఎమిరేట్స్ విషయంలో 200 డాలర్లకు దించింది; గొడవ అయ్యాక 2021లో వెనక్కి తీసుకుంది. 200 డాలర్లంటే సుమారు 734 దిర్హాములు. సూత్రం అడిగేది దానికి అయిదు రెట్లకు పైనే. లేబర్ క్యాంపు మంచం మీద పడుకునే తండ్రికి ఏడేండ్ల పిల్లవాడూ పదిహేడేండ్ల పిల్లవాడూ ఒక్కటే: ఇద్దరూ రారు. ఏడేండ్లవాడు రానప్పుడు, పద్దెనిమిదిని ఇరవై అయిదు చేసిన దయ ఎవరికి?

పూర్వపక్షం: అంతకుముందు మగపిల్లలకు పద్దెనిమిదే హద్దు, చదువుకుంటుంటే కొంత సడలింపు, ఇప్పుడు ఇరవై అయిదు కావడం మేలు కాదా? మేలే. అక్కడే ప్లస్ టూ ముగించిన అకౌంటెంటు కొడుకును వీసా కోసం ఊరికి తోలవలసిన అవసరం తప్పింది. ఆడపిల్లకు వయసు హద్దే లేదు. పెండ్లి ఒక్కటే హద్దు (ఈ విషయంలో ఎమిరేట్స్ శాసనానికీ మన ఇండ్లలోని పెద్దవాళ్లకూ అభిప్రాయభేదం లేదు). ఇంకొక ఆక్షేపం బలమైనది: అద్దె, బడి ఫీజు భరించలేని ఇంటికి పిల్లలను రప్పించి ఏం చేస్తారు, జీతం హద్దు పిల్లల మేలుకే కదా? ఒప్పుకుంటాం, ఆ ఊళ్లలో తెలుగువాళ్ల పిల్లలు చదివేది ప్రైవేటు బడుల్లోనే, ఫీజులూ తక్కువ కావు. అయితే అప్పుడు అది జీతం చట్టం. వయసు చట్టంగా దాన్ని పొగడరాదు.

పాఠాంతరాలు రెండు. సౌదీ పాఠంలో, వెంట ఉన్న ప్రతి మనిషికీ నెలకు 400 రియాళ్లు కట్టాలి. 2017లో నూరుతో మొదలై ఏటా నూరు చొప్పున పెరిగి 2020లో అక్కడ ఆగింది. అమెరికా పాఠంలో జీతం చిక్కు లేదు, చిక్కంతా కాలానిదే. హెచ్-1బి ఉద్యోగ వీసాపై ఉన్న తండ్రి వెంట వెళ్లిన పిల్లలకు ఇరవై ఒకటి నిండితే వారి హెచ్-4 వీసా ముగుస్తుంది. ఏ దేశానికీ ఏడు శాతం మించరాదన్న గ్రీన్ కార్డు హద్దు వల్ల మనవాళ్ల వరుస అంతకంటే పొడవు. 2002 నాటి చట్టం పిల్లల వయసులోంచి కొంత కాలం తీసివేస్తుంది కదా అంటారా? తీసివేసేది దరఖాస్తు పరిశీలనలో గడిచిన రోజులనే. వీసా నంబరు కోసం వరుసలో నిలబడ్డ ఏండ్లు పిల్లవాడి వయసులోనే కలుస్తాయి.

తాత్పర్యం: బోధన్ బస్టాండులో ఏజెంటు "పిలగాని వయసెంత?" అని అడిగితే, "నా జీతమెంత రాసినవ్?" అని తండ్రి ఎదురడగాలి.