రెండర్థాల మాట

1952 నవంబరు 2, ఆదివారం రాత్రి. లండన్ శివారు క్రోయ్‌డన్‌లో ఒక మిఠాయి గోదాము కప్పు మీదికి ఇద్దరు కుర్రాళ్లు ఎక్కారు. క్రిస్టఫర్ క్రెయిగ్‌కు 16 ఏళ్లు. అతని దగ్గర రివాల్వరు ఉంది. డెరెక్ బెంట్లీకి 19 ఏళ్లు. చదవడం, రాయడం సరిగా రావు. బుద్ధి పదకొండేళ్ల పిల్లవాడిదేనని పరీక్షల్లో తేలింది.

ఎదురింటివాళ్లు చూసి పోలీసులకు కబురు చేశారు. ఫెయిర్‌ఫాక్స్ అనే డిటెక్టివ్ కప్పెక్కి బెంట్లీని పట్టుకున్నాడు. బెంట్లీ విదిలించుకున్నాడు. ఆ క్షణంలో "లెట్ హిమ్ హావ్ ఇట్, క్రిస్" అని అరిచాడని పోలీసుల సాక్ష్యం. క్రెయిగ్ కాల్చాడు. గుండు ఫెయిర్‌ఫాక్స్ భుజాన్ని రాసుకుపోయింది. అయినా అతను బెంట్లీని మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి బెంట్లీ పెనుగులాడలేదు. జేబులో కత్తి ఉంది, తియ్యలేదు.

పావుగంట దాటాక సిడ్నీ మైల్స్ అనే కానిస్టేబుల్ మెట్ల తలుపు తోసుకుని పైకొచ్చాడు. క్రెయిగ్ తుపాకీ గుండు తలకు తగిలి అక్కడే కూలిపోయాడు. అప్పటికి బెంట్లీ పోలీసుల చేతిలోనే ఉన్నాడు.

డిసెంబరులో ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ జరిగింది. కలిసి నేరానికి దిగితే ఒకడు చేసిన హత్య రెండోవాడికీ చుట్టుకుంటుందని ఆనాటి చట్టం. కాల్చని బెంట్లీని ఆ హత్యకు కట్టెయ్యడానికి ఆ అరుపు కావాలి. ముగ్గురు పోలీసులు దాన్ని చెవులారా విన్నామని ప్రమాణం చేశారు. జ్యూరీ 75 నిమిషాల్లో ఇద్దరూ దోషులేనని తేల్చి, బెంట్లీపై దయ చూపమని కోరింది. 18 నిండలేదు గనుక క్రెయిగ్‌కు ఉరి లేదు. బెంట్లీ కోసం రెండు వందల మందికి పైగా ఎంపీలు సంతకాలు పెట్టారు. హోం మంత్రి ఒప్పుకోలేదు. 1953 జనవరి 28న వాండ్స్‌వర్త్ జైలులో ఉరి తీశారు.

'హావ్' బడిలో మొదట్లోనే నేర్పే మాట. తుపాకీ అడుగుతున్న పోలీసుకు అది ఇచ్చెయ్యమన్నాడని కొందరు వాదించారు. కాదు, కాల్చెయ్యమన్నాడని మరికొందరు. ఇంగ్లీషులో ఆ వాక్యం రెండిటికీ సరిపోతుంది. 'వాడికొకటి ఇచ్చుకో' అన్న తెలుగు మాటలోనూ ఇచ్చేది దెబ్బే. లాయర్లు, భాషావేత్తలు, పత్రికలవాళ్లు నలభై ఏళ్లకు పైగా ఆ మాటను తిరగేసి మరగేసి చూశారు. 1991లో అదే పేరుతో సినిమా వచ్చింది. బెంట్లీ తోబుట్టువు ఐరిస్ జీవితమంతా పోరాడి 1997లో కన్నుమూసింది. మరుసటి ఏడాది జూలై 30న, జడ్జి జ్యూరీకి కేసును న్యాయంగా వివరించలేదని చెప్పి అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

'తుపాకీ ఇచ్చెయ్యమనే అన్నాను' అని ఉంటే ప్రాణం దక్కేదేమో. విచారణలో బోనెక్కిన బెంట్లీ ఆ రెండర్థాల్లో దేన్నీ పట్టుకోలేదు. ఆ మాటే తాను అనలేదన్నాడు.