బారికేడ్లు వచ్చేదాకా

హుస్సేన్‌సాగర్‌కి సికింద్రాబాద్ వైపు ఒడ్డున ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళకి రెండు సుఖాలు, ఒక కష్టం. సుఖాలు చెరువు గాలీ, బుద్ధుడి దర్శనమూ. కష్టం, ఊళ్ళోవాళ్ళందరూ తమ బళ్ళు తెచ్చి మన గేటు ముందే పెట్టడం. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో ఈ చెరువు కట్టించిన హుస్సేన్ షా వలీకి మంచినీళ్ళ ధ్యాసే తప్ప పార్కింగు ధ్యాస లేదు. ఆయన్ని అనుకుని లాభం లేదు.

అసలే మా వైపు పడవల క్లబ్బులున్నాయి. వానాకాలంలో తెరచాప పడవల పోటీలు పెడితే ట్రెయిలర్లు, వాటి వెనక కార్లు, ఆ కార్ల వెనక మొక్కజొన్న పొత్తుల బండి. దానికి తోడు 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీదకి బళ్ళు రానివ్వకుండా జనానికి వదిలేశారు. మంచి పనే, నేనూ మనవల్ని తీసుకెళ్ళాను. కానీ కట్ట ఎక్కనివ్వని బళ్ళు ఆవిరైపోవు కదా, పక్క రోడ్లకి దిగాయి. వాటిలో మాదొకటి.

ఓ ఆదివారం పాలప్యాకెట్ల కుర్రాడు ఆగివున్న రెండు కార్ల సందులోంచి సైకిలు బయటికి తీశాడు. వచ్చే ఆటోకి వాడు కనపడలేదు, వాడికి ఆటో కనపడలేదు. కాలు విరిగింది.

ఆ సాయంత్రమే మా ప్రెసిడెంటుగారు యుద్ధం ప్రకటించారు. ఆయన రైల్వేలో లోకో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు, అందరం లోకోగారనే పిలుస్తాం. సెల్లార్లో మీటింగు పెట్టి, సుద్దముక్కతో నేల మీద గీత గీశారు. "గంటకి నలభై కిలోమీటర్లంటే సెకనుకి పదకొండు మీటర్లు. మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే బండి ఇక్కణ్ణుంచి అదుగో, ఆ జనరేటరు దాకా పోతుంది. చూస్తే కదా అసలు! కార్లు అడ్డమాయె."

అర్జీలు పెట్టారు. 1988 మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షను, అంటే ఇతరులకి ప్రమాదం కలిగేలా బండి రోడ్డు మీద వదిలెయ్యకూడదన్నది, ఆయనకి కంఠతా వచ్చేసింది. అర్జీలతో ఆగక అపార్ట్‌మెంటు పిల్లలందరినీ పోగేశారు. నంబరు ప్లేటు కనపడేలా ఫొటో తియ్యాలి, పెద్దవాళ్ళ ఫోన్‌లోంచి ట్రాఫిక్ పోలీసుల వాట్సాప్‌కి పంపాలి. నెలకి ఎక్కువ ఎవరు పంపితే వాళ్ళకి ఆయన పెన్షన్లోంచి 500 రూపాయల బహుమతి. "బండి ఎవరిదని చూడకండి. నంబరొక్కటే చూడండి" అని చెప్పారు. 2022 మార్చిలో టూవీలర్ల పాత చలాన్లకి 25 శాతం కడితే చాలని ప్రభుత్వం రాయితీ ప్రకటిస్తే, ఈయనకి రెండు రోజులు అన్నం సహించలేదు.

మొత్తానికి బోర్డులు పాతారు. క్రేను రెండు వారాలు వరసగా తిరిగింది. రోడ్డు ఖాళీ అయింది. ఎంత ఖాళీ అంటే, రాణీగంజ్ వైపు నుంచి వచ్చే ప్రతి బైకుకీ అదొక రన్‌వే అయింది. రాత్రి పదయ్యాక రోడ్డు దాటాలంటే మావాళ్ళు దణ్ణం పెట్టుకుని దాటేవారు. వినాయక చవితి వెళ్ళిన మూడోనాడు ఓ కారు మలుపు తిరగలేక మా గేటు స్తంభాన్ని పడగొట్టింది.

చూడ్డానికి వచ్చిన ఎస్సై కుర్రాడు, మర్యాదస్థుడు. పడిన ఇటుకల వంకా రోడ్డు వంకా చూసి అసలు సంగతి చెప్పాడు.

"ఇంతకుముందు రెండు దిక్కుల బండ్లుండె సార్. రోడ్డు ఇరుగ్గుండెనని అందరు మెల్లగ పోయిండ్రు. ఇప్పుడు సాఫ్ అయింది, ఉరికిస్తున్నరు. అటొకటి ఇటొకటి బారికేడ్లు పెడితే స్పీడు తగ్గుతది."

"పెట్టించండి మరి."

"ఉన్నయన్ని నిమజ్జనం డ్యూటీకి పోయినయ్ సార్. అయిపోయేదాక ఒక్కటి గూడ దొరకది." గొంతు తగ్గించాడు. "అందాక జర మీ కారు ఈ మలుపుకి ముంగట పెట్టిస్తరా? రాత్రిపూట పెడితే చాలు."

లోకోగారి మొహం నేను జన్మలో మర్చిపోను. కానీ ఆయన రైల్వే మనిషి, ప్రాణాల దగ్గర పంతానికి పోరు. ఆ రాత్రే కారు బయటికి తీసి, తన అర్జీలతో వచ్చిన నో పార్కింగ్ బోర్డు కిందే పెట్టారు. వెనకాల ఎర్రగుడ్డ కట్టారు. అద్దానికి, రైలు ఆఖరి పెట్టెకి వేసే 'ఎల్‌వీ' బోర్డులాంటిది అట్ట మీద రాసి అతికించారు. ఆశ్చర్యం, మలుపు దగ్గరికి రాగానే బైకులన్నీ బుద్ధిగా బ్రేకు నొక్కసాగాయి. ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని పన్నెండింటి దాకా చూసి తృప్తిగా పడుకున్నారు.

రెండు రోజులకి ఫోను మోగింది. మెసేజీ. నేను అప్పుడు వాళ్ళింట్లోనే కాఫీ తాగుతున్నాను. రాంగ్ పార్కింగు, చలానా, దాని మీద యూజర్ ఛార్జీలు 35 రూపాయలు. లింకు నొక్కితే ఫొటో తెరుచుకుంది. పైనుంచి తీసిన ఫొటో. నంబరు ప్లేటు, ఎర్రగుడ్డ, ఎల్‌వీ అట్ట అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఫొటో మూల తులసి కుండీ అంచు కూడా పడింది.

లోకోగారు మెల్లగా తలెత్తి తమ బాల్కనీలోని తులసికోట వంక చూశారు.

లోపలి గదిలోంచి మనవడు పరుగెత్తుకొచ్చాడు.

"తాతా, ఈ నెల ఫస్టు నేనే! అయిదొందలు క్యాషిస్తావా, ఫోన్‌పే చేస్తావా?"