సాలెపురుగుల నియంత్రణాధికారి గారికి బహిరంగ లేఖ

కామారెడ్డి జిల్లా సాలెపురుగుల నియంత్రణాధికారి గారి సముఖమునకు, కామారెడ్డిలో కాపురమూ ఎల్లారెడ్డిలో అత్తగారిల్లూ ఉన్న ఒక గృహస్థు నమస్కరించి వ్రాయునది.

విషయం: మా ఇంటి మూలల్లో కిరాయి కట్టకుండా ఉంటున్న ఎనిమిది కాళ్లవారి గురించి.

అయ్యా, మీ పోస్టు ఇంకా మంజూరు కాలేదని నాకు తెలుసు. 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుంచి విడదీసి మా జిల్లాను చేసినప్పుడు ఇన్ని శాఖలకు కుర్చీలు వేశారు గాని మీకు ఒక స్టూలైనా వేయలేదు. ఫర్వాలేదు. లేని అధికారికి అర్జీ పెట్టుకోవడంలో ఒక సుఖముంది, రేపు రమ్మని తిప్పించుకోరు.

పోయిన కార్తీకంలో ఎల్లారెడ్డిలో మా అత్తమ్మ మెడ మీద ఎర్రటి చార తేలింది. మరునాటికి నీటి పొక్కులయింది. వాడకట్టంతా వచ్చి చూసి ఒక్కటే తీర్పు చెప్పింది: "సాలెపురుగు పోసింది." ఒకరు పసుపు రాశారు, ఒకరు సున్నం పెట్టారు, ఒకామె ఏదో ఆకు పసరు పిండింది. మంట రెట్టింపయింది. చివరికి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "రాత్రి ట్యూబులైటు కింద పండుకున్నరా అమ్మా?"

వరి మడుల్లోంచి వెలుతురుకు ఎగిరొచ్చే పురుగట. చీమలాగా సన్నగా, నలుపూ నారింజా పట్టీలతో ఉంటుంది. పేరు పెడెరస్. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుంటే మనమే చేత్తో నలిపేస్తాం. దాని ఒంట్లో ఉన్న పెడెరిన్ అనే రసం అంటుకున్నంత మేరా చర్మం కాలిపోతుంది. ఒకపక్క పోచారం, ఒకపక్క నిజాంసాగర్, ఎటు చూసినా వరి. ఆ పురుగుకు మా ఎల్లారెడ్డి కంటే మంచి ఊరు ఎక్కడ దొరుకుతుంది? నలగ్గొట్టకుండా నోటితో ఊదేసి, ఆ చోటును వెంటనే సబ్బునీళ్లతో కడిగితే చాలా బాధ తప్పేదట. మేం సున్నం పూశాం. గోడ మీది సాలెపురుగు మాత్రం చేయని నేరానికి చెప్పుదెబ్బ తిని చచ్చింది.

కనుక తమరు ముందుగా గుర్తింపు పరేడు పెట్టించాలి. పైకప్పు మూలల్లో దారాల్లాంటి పొడుగు కాళ్లతో వేలాడుతూ, ముట్టుకుంటే ఒళ్లంతా గడగడ ఊపేసుకునేవాడు ఒకడున్నాడు. మా ఇంట్లో బూజు చాలామటుకు వీడిదే. వీడి వల్ల రోత తప్ప హాని లేదు, పైగా దోమలు తింటాడు. కిటికీ మీద దుముకుతూ, వంగి చూస్తే తానూ తిరిగి మనల్నే చూసే చిన్నోడు ఈగల వేటగాడు. ఇక స్నానాల గదిలో అరచేయంత కనిపించి మా ఇంటామె చేత కేక పెట్టించే గోధుమరంగువాడు వలే అల్లడు. రాత్రంతా బొద్దింకల వెంట పడతాడు. పొట్ట కింద తెల్లటి బిళ్ల పట్టుకుని తిరుగుతుంటే అది ఆడది, ఆ బిళ్ల గుడ్ల సంచి. చేత్తో పట్టుకోబోతే కరుస్తుంది, నొప్పి పుడుతుంది. అందుకే నేను గ్లాసు బోర్లించి, కింద పాత పెండ్లికార్డు దూర్చి, గోడ అవతల వదిలేస్తాను. పెండ్లికార్డుల కొరత మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

పెద్ద విషం గల జాతులు దేశంలో లేవని కాదు, మన ఇళ్లలో అరుదు. తెలుగు నేల మీద పేరు మోసిన పెద్ద సాలీడు గుత్తిది. నీలమణి రంగు. రైల్వే కలప డిపోలో దొరికిన దానికి పోకాక్ అనే శాస్త్రవేత్త 1899లో పేరు పెట్టాడు. మళ్లీ శాస్త్రవేత్తల కంటబడింది 2001లో, నంద్యాలకూ గిద్దలూరుకూ నడిమి అడవిలో. ఇప్పుడది అంతరించిపోయే అంచున ఉంది. విదేశాల్లో దాన్ని డబ్బు పోసి కొని గాజుపెట్టెల్లో పెంచుతారు. మనం దానికి చెట్టు తొర్ర కూడా మిగల్చలేదు.

అసలు భయం సాలెపురుగు పొరుగువాళ్లతో. 2025 ఆగస్టు చివరి వానలకు కామారెడ్డి కాలనీలు మునిగాక తడిసిన సామాను బయట కుప్పలు పోశాం. ఆ కుప్పలే తేళ్లకూ జెర్రులకూ ఇళ్లయ్యాయి. ఎర్రతేలు కుడితే ప్రాజోసిన్ అనే మామూలు బీపీ మాత్ర ప్రాణం నిలుపుతుందని మహాడ్ అనే ఊరి డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్ లోకానికి చూపించాడు. దాన్ని ఇంట్లో మింగేయమని కాదు, ఆలస్యం చేయక ఆసుపత్రికి పొమ్మని. ఏం కరిచిందో తెలియకపోయినా సరే, చెమటలు, కండరాల నొప్పులు, ఆయాసం మొదలైతే మంత్రగాడి గడప తొక్కొద్దు.

నేనూ ఒకసారి మందు డబ్బా తెచ్చి కొట్టాను. తెల్లారి బొద్దింకలు వెల్లకిలా పడి ఉన్నాయి. సాలెపురుగు పైనుంచి తాపీగా చూస్తోంది. అది కాళ్ల కొనల మీద నిలబడుతుంది, గోడ మీద ఆరిన మందు దానికి అంటేది తక్కువ. నేను చంపింది దాని తిండిని.

కావున తమరు మందు డబ్బాల ఫైలు మూసి, ఇంటికొక బూజుకట్టె మంజూరు చేయగలరు. బతుకమ్మకు ఒకసారి దులిపితే చాలదని, పదిహేను రోజులకోసారి గుడ్ల సంచులతో సహా దులపాలని ఉత్తర్వు ఇవ్వగలరు. తలుపు కింది సందులు మూయించి, గోడకు ఆనించిన కట్టెల మోపులు ఎడంగా పెట్టించి, గుమ్మం మీది తెల్లలైటు తీయించి పసుపు బల్బు పెట్టించగలరు. పురుగులు తక్కువ వస్తే వాటిని తినేవాళ్లూ తక్కువ వస్తారు. అత్తమ్మ ఇంటి ముందర బల్బు నేనే మార్చేశాను, దాని బిల్లు జతపరచలేదు.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: మీ పోస్టు మంజూరై ఆఫీసు తెరిచిన రోజున పాత ఫైళ్ల బీరువాలో ఉత్త చేయి పెట్టకండి. మీ ఇన్‌చార్జిలు ఇప్పటికే అందులో ఉన్నారు.